రంగునీరు పారిన నేల – దానిలోని ప్రాణులు చెప్పు సాక్ష్యము

రంగు పనిచేయు ఇంటి వెనుక ఒక చిన్న కాలువ తప్పక ఉండును. తొట్టి దింపిన నీరు, చిలపలు జాడించిన నీరు, గంజి కడిగిన నీరు అన్నియు ఆ కాలువ వెంటనే పోవును. కొన్ని ఇండ్లలో అది ఊరి మురుగుకాలువలో కలియును. కొన్ని ఇండ్లలో పెరటిలోనే ఇంకిపోవును. మా ఇంట మూడు తరములుగా పెరటిలోనే ఇంకినది. ఆ చోట అరటి పిలక నాటిన నిలువదు. నాలుగు గజముల అవతల మునగచెట్టు మాత్రము కాచుచునే ఉన్నది. దాని ఆకు, కాయ మేము వండుకొనుచున్నాము. "ఆ నేల పాడైనదా? పాడైనచో ఎంతదూరము పాడైనది? ఈ ఆకు పిల్లలకు పెట్టవచ్చునా?" అని ఇంటి ఆడవారు అడిగిరి. ఇట్టి ప్రశ్న సేలములోని సాయపట్టరల వద్దను, సోలాపూరు, బరంపురము, బెంగుళూరు, యానాములలోని మనవారి పెరళ్లలోను పుట్టదగినదే. దానికి సమాధానము వెదకగా తెలిసిన సంగతులు సభ్యుల ఉపయోగార్థము ఇక్కడ వ్రాయుచున్నాము.

మన పనిలో లోహము ఎక్కడిది?

రంగులో లోహమేమిటని కొందరికి సందేహము కలుగవచ్చును. మైలుతుత్తము రాగి లవణము. డైరెక్టు రంగు వేసిన నూలు ఎండకు వెలిసిపోకుండుటకై తుత్తపు నీటిలో ముంచి తీయుట పూర్వము విరివిగా ఉండెను. పొటాష్ బైక్రోమేటులో క్రోమియము ఉన్నది; కాచు రంగు గట్టిపడుటకును, క్రోము రంగులకును దానిని వాడుదురు. నీలిమందు తొట్టిలో సున్నముతో కలిపి వేయు జింకు పొడి తుత్తునాగమే. మిల్లు గంజికి బూజు పట్టకుండ కలుపు జింకు క్లోరైడు కూడ అట్టిదే. పట్టుకు వాడు మెటల్ కాంప్లెక్సు రంగులలో క్రోమియముగాని కోబాల్టుగాని ఇమిడి ఉండును. టర్కాయిజ్ నీలపు రియాక్టివు రంగులో రాగి కలదు.

అయితే అన్ని రంగులలో లోహము ఉన్నదనుకొనరాదు. నేడు వాడుకలో ఉన్న రియాక్టివు రంగులలో పెక్కింటికి లోహము లేదు. మన తొట్టినుండి బయటికి పోవుదానిలో ఎక్కువ భాగము ఉప్పే. కాని ఉప్పునకు, లోహమునకు ఒక భేదమున్నది. ఉప్పు మంచి వానలకు కడిగికొనిపోయి దిగువకు దిగును. గంజి కుళ్లి మట్టిలో కలియును. రాగి, తుత్తునాగము, సీసము మాత్రము కుళ్లునవి కావు, విరిగిపోవునవి కావు. ఎక్కువ భాగము పైమట్టిని పట్టుకొని అక్కడనే నిలుచును. తాతగారు వంపిన తుత్తము మనుమని నాటికిని ఆ జానెడు మట్టిలో ఉండవచ్చును.

అంకె ఒక్కటి చాలదు

మట్టిని ప్రయోగశాలకు పంపినచో కిలో మట్టిలో ఇన్ని మిల్లీగ్రాముల రాగి ఉన్నదని ఒక అంకె వచ్చును. ఆ అంకె అవసరమే. కాని కీడు ఎంతయో ఆ అంకె ఒక్కటే చెప్పజాలదు. పులుపు గుణముగల ఎర్ర ఇసుకనేలలో రాగి నీటిలోనికి సులభముగా వదలును. కాబట్టి వేరునకు, పురుగునకు తగులును. ఎరువు బాగుగా పట్టిన నల్లరేగడిలో అంతే రాగి మట్టిని గట్టిగా అంటుకొని ఉండును. ప్రాణులకు అంతగా అందదు. రెండు చోట్ల అంకె ఒక్కటే, ఫలము వేరు.

కావున శాస్త్రజ్ఞులు మట్టిని కొలుచుటతో ఆగక, ఆ మట్టిలో కాపురముండు ప్రాణులను కూడ అడుగుట నేర్చుకొనిరి. వానపాము మట్టిని మ్రింగును. దాని చర్మము ఎల్లప్పుడు తడి మట్టిని అంటి ఉండును. లోపలినుండియు, వెలుపలినుండియు లోహము దానికి తగులును. అందుచేత దానిని మించిన సాక్షి లేదు. వానపాములు నేలకు చేయు మేలును గురించి చార్లెస్ డార్విన్ 1881లోనే ఒక గ్రంథము వ్రాసెను.

మైలుతుత్తము చేసిన పని

ఇంగ్లండులో విస్‌బెచ్ అను ఊరి ప్రాంతమున ఆపిలు తోటలు కలవు. అక్కడ చెట్ల తెగుళ్లకు బోర్డో మిశ్రమము ఏండ్ల తరబడి చల్లిరి. ఆ మిశ్రమమనగా మైలుతుత్తము, సున్నము కలిపిన నీరే. ఆ నేలలను పరీక్షించినవారు 1961లో తమ ఫలితములు ప్రకటించిరి. చల్లిన రాగి పైమట్టిలోనే పేరుకొనిపోయెను. వానపాములు కనబడలేదు. రాలిన ఆకు, గడ్డి మట్టిలో కలియక నేలపై చాపవలె మందముగా పేరుకొనియుండెను. ఆకును లోనికి లాగి మట్టిగా మార్చు పనివారే లేనప్పుడు అది ఎట్లు కలియును?

ఇంగ్లండులోనే బ్రిస్టలు నగరమునకు చేరువనున్న ఏవన్‌మౌత్‌లో తుత్తునాగము, సీసము, కాడ్మియము తీయు పెద్ద కర్మాగారము ఉండెను. అది 2003లో మూతపడినది. దాని పొగలోని లోహము చుట్టుపట్ల నేలపై పడుచుండెను. పరిశోధకులు దూరము నుండి కర్మాగారము వైపు వచ్చుచు నేలను త్రవ్వి చూడగా, దగ్గరకు వచ్చినకొలది వానపాముల సంఖ్యయు, వాని రకములును తగ్గినవి. మిక్కిలి దగ్గరి చోట్ల అవి లేకనే పోయినవి. సమీపమందలి అడవిలో ఆకు కుళ్లక దట్టముగా నిలిచిపోయెను. లోహము వేరైనను రెండు చోట్ల కనబడిన గుర్తు ఒక్కటే: రాలినది కుళ్లకుండుట.

బ్రతికియున్నంత మాత్రమున చాలదు

ఇక్కడ జాగ్రత్తగా గమనింపవలసిన సంగతి ఒకటి కలదు. "మా పెరటిలో వానపాములు కనబడుచున్నవి, కాబట్టి భయము లేదు" అని అనుకొనుట సహజము. అది తొందరపాటు.

1994లో స్పర్జన్, హాప్కిన్ మొదలగు పరిశోధకులు ఎరువు వానపాములను రాగి కలిపిన మట్టిలో ఉంచి చూచిరి. పదునాలుగు దినములలో సగము వానపాములు చచ్చుటకు కిలో మట్టికి సుమారు 680 మిల్లీగ్రాముల రాగి కావలసివచ్చెను. కాని అవి పెట్టు గ్రుడ్ల సంచులు సగమునకు తగ్గుటకు సుమారు 53 మిల్లీగ్రాములే చాలెను. అనగా చంపు మోతాదులో పదవ వంతుకన్న తక్కువలోనే సంతానము సగము పోయినది. మగ్గము ఆడుచున్న చప్పుడు వీధికి వినబడుచునే ఉండును, లోపల చీర మాత్రము దిగదు. లోహపు విషమును తట్టుకొనుటకు వానపాము తన బలమును ఖర్చుపెట్టుకొనును. గ్రుడ్లు పెట్టుటకు బలము మిగులదు. పెద్దవి కొన్నాళ్లు బ్రతికియుండును. పిల్లలు లేనందున కొన్ని ఏండ్లకు ఆ నేల ఖాళీ అగును.

ఈ కారణముచేతనే పరీక్షా విధానములు కూడ మారినవి. ఓ.ఇ.సి.డి. అను అంతర్జాతీయ సంస్థ 1984లో ఏర్పరచిన పద్ధతిలో పదునాలుగు దినములలో ఎన్ని చచ్చినవని మాత్రము లెక్కింతురు. 2004లో అదే సంస్థ వేరొక పద్ధతి ప్రకటించినది. దానిలో పెద్ద వానపాములను 28 దినములు మట్టిలో ఉంచి తీసివేసి, మరి 28 దినములు ఆగి, పుట్టిన పిల్లలను లెక్కింతురు. చెమ్మమట్టిలో తెల్లని నలుసువలె ఎగురు స్ప్రింగ్‌టెయిల్ అను పురుగుతో కూడ ఇట్టి పరీక్ష కలదు. అది 28 దినములలో ముగియును. అందరికిని సులభమైనది మరొకటి ఉన్నది. మంచి మట్టి, అనుమానపు మట్టి రెండును ప్రక్క ప్రక్కన పోసి, వానపాము ఎటు పోవునో 48 గంటలు చూచుట. దీనిని 2008లో ఐ.ఎస్.ఓ. ప్రమాణముగా చేసిరి.

కంటికి కనబడని పనివారు

వానపాముకన్న చిన్నవి, కంటికి కనబడని సూక్ష్మజీవులు, కుళ్లబెట్టు పనిలో పెద్ద భాగము చేయును. ఇంగ్లండులోని వోబర్ను అను చోట ఒక ప్రయోగపు చేనిలో 1942 మొదలు 1961 వరకు నగరపు మురుగు మడ్డిని ఎరువుగా వేసిరి. అందులో లోహములు ఉండెను. మడ్డి వేయుట మానిన ఇరువది ఏండ్లకు పైబడిన తరువాత చూడగా, ఆ మట్టిలోని సూక్ష్మజీవుల మొత్తము మంచి మట్టిలోనిదానిలో సుమారు సగమే ఉండెను. క్లోవరు అను పశువుల మేత మొక్క వేళ్లకు పట్టు బుడిపెలు లోన గులాబి రంగుతో ఉండవలసినవి, చిన్నవై తెల్లగా ఉండెను. అవి గాలిలోని నత్రజనిని పట్టజాలకపోయెను. మన వేరుసెనగ, కంది వేళ్లకును ఇట్టి బుడిపెలే ఉండును. బుడిపెను గోటితో చీల్చి లోపలి రంగు చూచుట చేను గల ప్రతివారికి సాధ్యమే.

గుడ్డముక్కతో పరీక్ష

సూక్ష్మజీవుల పనిని కొలుచు పద్ధతులలో ఒకటి మన నేతవారిదే అని చెప్పవచ్చును. మాంచెస్టరులోని షర్లీ ఇన్‌స్టిట్యూటు నూలుబట్టల పరిశోధనకై ఏర్పడిన సంస్థ. డేరాలు, తాళ్లు నేలలో కుళ్లకుండ చేయు మందులను పరీక్షించుటకు బట్టను మట్టిలో పాతి, కొన్నాళ్లకు తీసి, ఎంత బలము తగ్గినదో చూచుట బట్టల పరిశ్రమలో వాడుక. నేల శాస్త్రజ్ఞులు ఆ పద్ధతిని తిరుగవేసిరి. వారికి కావలసినది బట్టను గురించి కాదు, మట్టిని గురించి. అందరికి ఒకే తరహా బట్ట కావలెనని షర్లీవారు నేసిన పరీక్షబట్టనే వాడి, వివిధ నేలలలో పాతి, తెగు బలము ఎంత తగ్గినదో చూచి, ఆ నేలలోని సూక్ష్మజీవులు ఎంత చురుకుగా ఉన్నవో లెక్కగట్టిరి.

దీనిలో మనము గ్రహింపవలసినది ఇది. రాగి మందు పట్టించిన డేరా బట్ట, వల ఎందుకు కుళ్లవు? రాగి ఆ సూక్ష్మజీవులను పనిచేయనీయదు కాబట్టి. బట్టకు మేలుచేసిన గుణమే పెరటి మట్టిలో కీడు చేయును. కుళ్లని నేల బ్రతికియున్న నేల కాదు.

మన ఇంట చేసికొనదగిన పరీక్షలు రెండు

మొదటిది గుడ్డ పరీక్ష. రంగు వేయని, గంజి పూర్తిగా ఉడికించి కడిగిన నూలుబట్ట ఒకే తానునుండి తీసికొనవలెను. జానెడు పొడవు, నాలుగు వ్రేళ్ల వెడల్పుగల ముక్కలు చేయవలెను. కాలువ ప్రక్కన అయిదు, ఎన్నడును రంగునీరు తగులని చోట అయిదు, నిలువుగా మట్టిలో పాతవలెను. రెండు చోట్ల మట్టి రకము, నీడ, చెమ్మ వీలైనంత సమముగా ఉండవలెను. మరి రెండు ముక్కలు పాతి, అదే దినమున తీసి ఆరబెట్టి దాచవలెను, అవి సరిచూచుకొనుటకు. ఎండాకాలమున ఈ పరీక్ష పనికిరాదు. వానలు పడి నేల చెమ్మగానున్నప్పుడే చేయవలెను. నాలుగు వారములు గడచిన పిమ్మట తీసి, నెమ్మదిగా కడిగి, నీడన ఆరనీయవలెను. అంచుల దారములు లాగి ప్రతి ముక్కయు 40 పడుగు పోగులు మిగులునట్లు చేయవలెను. ఒక కొసను కమ్మికి బిగించి, రెండవ కొసకు బొక్కెన కట్టి, తెగువరకు ఇసుక పోసి, బొక్కెనను తూచి వ్రాసికొనవలెను. మంచి చోటి ముక్కలు సగము బలము కోలుపోయి, కాలువ ప్రక్కనివి పాతనివానివలె గట్టిగా ఉన్నచో, అక్కడి నేల పని మానినదని అర్థము.

రెండవది వానపాము పరీక్ష. వానపాముల ఎరువు చేయువారి వద్ద ఎర్రని వానపాములు దొరకును. మెడ దగ్గర పట్టీవలె దళసరి వలయము ఏర్పడినవే పెద్దవి, వానినే తీసికొనవలెను. ఒక పెట్టెలో నడుమ అట్ట నిలిపి ఒకప్రక్క మంచి మట్టి, రెండవప్రక్క కాలువ మట్టి సమముగా చెమ్మచేసి పోయవలెను. అట్ట తీసి, ఆ గీతమీద పది వానపాములను విడిచి, చిల్లులుగల మూత వేయవలెను. 48 గంటలైన తరువాత అట్టను మరల నిలిపి రెండు ప్రక్కల లెక్కింపవలెను. ఇట్లు అయిదు పెట్టెలు చేయుట మంచిది. పదింటిలో రెండుకన్న ఎక్కువ కాలువ మట్టిలో లేకుండుట పెట్టె తరువాత పెట్టెలో కనబడినచో, ఆ మట్టి ప్రాణుల నివాసమునకు తగియుండలేదని శాస్త్రజ్ఞుల నిర్ణయము. ముందుగా రెండు ప్రక్కల మంచి మట్టినే పోసి ఒకమారు చూడవలెను. అప్పుడు అవి ఇంచుమించు సమముగా చీలవలెను. చీలనిచో పెట్టెలోనే లోపమున్నది.

బైక్రోమేటు కాన్సరు కలిగించు పదార్థము. కావున ఆ మట్టిని ముట్టునప్పుడు రబ్బరు తొడుగులు వేసికొనవలెను. పిల్లలను దగ్గరకు రానీయరాదు.

ఈ సాక్ష్యమునకు గల హద్దులు

ప్రాణులు "ఈ నేల బాగులేదు" అని చెప్పునుగాని "దీనికి కారణము రాగి" అని చెప్పవు. ఉప్పు ఎక్కువైనను, సోడా కారము ఎక్కువైనను వానపాము పారిపోవును. మన పనిలో ఉప్పు ఎంత పెద్ద సంగతియో తిరుప్పూరు చూపినది. నొయ్యల్ నదిలో చేరిన రంగునీటి ఉప్పు వలన దిగువ పొలములు, బావులు చెడినవి. చివరకు 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు, వ్యర్థజలము బొత్తిగా బయటికి వదలని ఏర్పాటులేని రంగు కర్మాగారములను మూయవలెనని ఉత్తర్వు చేసెను. కాబట్టి ప్రాణుల పరీక్ష చెడుగా వచ్చినచో మట్టిని తప్పక ప్రయోగశాలకు పంపవలెను. ప్రభుత్వము 2015లో ప్రారంభించిన భూసార కార్డు పథకము క్రింద ఉప్పు కొలత, పులుపు-కారపు కొలత, రాగి, తుత్తునాగము చూచెదరు. క్రోమియము, సీసము, కాడ్మియము ఆ కార్డులో రావు. వానిని ప్రత్యేకముగా అడిగి చేయింపవలెను.

వానపాము సుఖముగానున్నంత మాత్రమున ఆకుకూర మంచిదని కూడ అనరాదు. కాడ్మియము వంటి లోహము నేల ప్రాణులను అంతగా బాధింపకయే ఆకులోనికి ఎక్కగలదు. బావినీటిని గురించియు వానపాము ఏమియు చెప్పదు. ఆ రెండింటికి వేరు పరీక్షలు చేయింపవలెను.

చెడు తేలినచో చేయవలసినది

మొట్టమొదట అక్కడ నీరు వంపుట మానవలెను. తుత్తపు తొట్టి, బైక్రోమేటు తొట్టి దింపిన నీటిని జాడింపునీటితో కలుపక వేరుగా పట్టి, శుద్ధిచేయు ఏర్పాటు ఉన్న చోటికి చేర్చవలెను. ఒక్క ఇంటికి ఇది భారము. పది ఇండ్లు కలిసి సహకార పద్ధతిని చేసికొనినచో సాధ్యమగును. ఆ నేలలో ఆకుకూరలు, దుంపలు వేయరాదు. పశువుల ఎరువు, కంపోస్టు దండిగా కలిపినచో లోహము కొంతవరకు దానికి అంటుకొని నిలుచును. పులుపు నేలలో రాగి, తుత్తునాగములకు సున్నము కూడ మేలు చేయును. కాని బైక్రోమేటు పడిన చోట సున్నము వేయరాదు. కారపు నేలలో ఆ క్రోమియము ఇంకను సులభముగా కదలి బావి వైపు పోవును. చెడిన మట్టిని త్రవ్వి పరుల చేనిలో పోయుట మాత్రము ఎన్నడును చేయరాదు.

ఈ పరీక్ష మనమీదికే వచ్చు సాక్ష్యము కదా, దీనిని మనమేల చేసికొనవలెనని అడుగువారు ఉందురు. ఆ పెరటిలో ఆడునది మన పిల్లలే, ఆ మునగాకు తినునది మన ఇంటివారే అని మా సమాధానము. మరియొక కారణము కూడ ఉన్నది. పొరుగువారు ఫిర్యాదు చేసిననాడు చిన్న రంగు కొట్టమును పెద్ద కర్మాగారమును ఒకే గాట కట్టుదురు. ఆనాడు మన నేలను గురించి మన చేతిలో మన లెక్క ఉండవలెను.

మా పెరటిలో ఈ వానలకు గుడ్డముక్కలు పాతినాము. మునగచెట్టు మొదట కూడ రెండు పాతినాము. వానిని తీసి చూచువరకు ఆ ఆకు కోయుట మానితిమి. ముక్కలు బాగుగా కుళ్లియున్నను, ఆకును లోహములకై పరీక్ష చేయించిన తరువాతనే మరల వండుదుము. సభ్యులు తమ ఇండ్లలో ఈ పరీక్ష చేసినచో మట్టి రకము, పాతిన తేదీ, తీసిన తేదీ, రెండు చోట్ల ముక్కలు తెగిన బరువు, ఆ చోట ఏ రంగునీరు ఎన్ని ఏండ్లు పారినదో ఒక కార్డుపై వ్రాసి సంఘమునకు పంపగోరుచున్నాము.